గొచాగొచా గది

ఎమ్మిగనూరులో బసవరాజు పెట్టిన జపాన్ శిక్షణ కేంద్రానికి మేడకన్నా బోర్డే పెద్దది. బోర్డు మీద మంచు కొండ, దాని కింద గులాబీరంగు పూల చెట్టు, చెట్టు కింద తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న పిల్ల. జపాన్ భాష నేర్పిస్తాం, అక్కడి వృద్ధాశ్రమాల్లో ఉద్యోగం ఇప్పిస్తాం అని పెద్దక్షరాలతో రాయించినాడు. మేడలో కింద ఆయన ఆఫీసు, ఏసీ పెట్టిన గది. పైన రెండు గదులు, ఒక బాత్రూము. ఆ రెండు గదుల్లోనే పాఠాలు, అక్కడే తిండి, అక్కడే పడక. ఉండేది ఇరవైఆరు మంది ఆడపిల్లలు.

వాళ్ళలో నిషాత్ ఒకతె. ఊరు ఆదోని. నాయన గఫూర్ సాబ్ దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టే మనిషి. నిషాత్ నర్సింగు చదివి ఆదోనిలోనే ఒక చిన్న ఆసుపత్రిలో రెండేళ్ళు పనిచేసింది. ముసలివాళ్ళకు సేవ చేయడమంటే ఆమెకు విసుగు లేదు. పైగా కొత్త దేశం చూడాలని, కొత్త భాష నోట పలకాలని ఒక పట్టుదల. డిసెంబర్‌లో చేరేటప్పుడు బసవరాజు ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

"అందరివీ నా దగ్గరే ఉంటాయమ్మా. వీసా వచ్చిన రోజు చేతికిస్తా" అన్నాడు.

అప్పుడు ఆమెకు అందులో తప్పేమీ కనబడలేదు.

పైకి పోయినాక కనబడింది. ఒక గోడకు ఇనప ట్రంకులు, సూటుకేసులు ఒకదాని మీద ఒకటి కప్పుదాకా పేర్చినారు. ఉన్న ఒక్క కిటికీకి అవే అడ్డం. ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగు తాళ్ళు, వాటి మీద తడి బట్టలు. తల వంచుకోకుండా నడవలేరు. చాపలు పరిస్తే నేల కనబడదు, చాపలు చుడితే పెట్టడానికి చోటుండదు. ఇక మెట్లయితే, బసవరాజు తన అట్టపెట్టెలన్నీ వాటి మీదే పెట్టించినాడు. పాత కరపత్రాలు, చెడిపోయిన ప్రింటరు, ఖాళీ నీళ్ళ క్యాన్లు. ప్రతి మెట్టు మీద సగం పెట్టెలదే. ఒకరు ఎక్కుతాంటే ఇంకొకరు పైనే నిలబడి కాచుకోవాల.

జపాన్ భాష చెప్పే మేడం పేరు గిరిజ. మంత్రాలయం పక్కన మాధవరం ఆమె ఊరు. వాళ్ళ ఇంటి మగవాళ్ళంతా మఠంలో సేవ చేసేవాళ్ళో, బడిపంతుళ్ళో. ఆమె మాత్రం పదకొండేళ్ళు బెంగళూరులో జపాన్ ఇంజినీర్లకు దుబాసీగా చేసి, పెళ్ళయినాక ఇటు వచ్చింది. మనిషి మెతక. పాఠం మొదలుపెట్టిందంటే మాత్రం ఇంకో మనిషైపోతుంది.

మార్చి నెలలో ఒకరోజు ఆమె బోర్డు మీద నాలుగు మాటలు రాసింది.

"వీటిని పుస్తకాల్లో వెనక పేజీల్లో పెడతారు. కానీ జపాన్‌లో ఇంట్లో, బజార్లో, ఆసుపత్రిలో వీటితోనే మాట్లాడతారు. మన ముసలమ్మలు చెప్పరా, గుండె దడదడ అంటాంది, కళ్ళు మంట భగభగ అంటాండాయని? అట్లనే. మరి తళతళ అంటాం గదా, తళతళకు చప్పుడు ఉందా?"

"లేదు మేడం."

"చప్పుడు లేని దానికి గూడా చప్పుడు పెట్టి చూపిస్తాం. వాళ్ళకు ఇట్లాంటివి వేలున్నాయి. ఈరోజు ఇరుకు మాటలు చూద్దాం."

ఇరుకు అనగానే పిల్లలంతా ఒకరినొకరు చూసుకుని నవ్వినారు. గిరిజ నవ్వకుండా చెప్పుకుంటూ పోయింది. గొచాగొచా అంటే చిందరవందర, ఏ వస్తువు యాడుందో తెలీనట్టు అన్నీ కలగలిసిపోవడం. గ్యూగ్యూ అంటే కుక్కడం, మనుషుల్నైనా సరే, సామానునైనా సరే. గిష్షిరి అంటే వేలు దూరే సందు లేకుండా పేర్చడం. కిచికిచి అంటే పట్టీపట్టకుండా పట్టడం.

"కిచకిచ అంటే పిచ్చుకలు గదా మేడం" అనింది భీమమ్మ. తుగ్గలి దగ్గర పల్లె పిల్ల, కండ గల మనిషి, ఏదున్నా మొహం మీదే అడుగుతుంది.

"జపాన్‌లో పిచ్చుకలు వేరే కూస్తాయిలే" అని గిరిజ నవ్వింది. "ఎవరికి వాళ్ళు ఒక్కో వాక్యం చెప్పండి."

నందవరం ప్రార్థన లేచింది. "మా ఊరికి పోయే షేర్ ఆటో గ్యూగ్యూ."

నిషాత్ చెప్పింది. "మా నాయన పరుపు గలేబులో దూది కుక్కేటప్పుడు మోకాలు పెట్టి తొక్కుతాడు మేడం. అదీ గ్యూగ్యూనేనా?"

"బాగా చెప్పినావు. దూదికీ అదే మాట, మనిషికీ అదే మాట."

అప్పుడు భీమమ్మ అడిగింది. "మరి ఈ గది ఏంది మేడం? గొచాగొచానా, గ్యూగ్యూనా?"

గిరిజ మెట్ల దిక్కు ఒకసారి చూసింది. కింద బసవరాజు ఎవరితోనో ఫోన్లో గట్టిగా మాట్లాడతాండాడు. ఆమె డస్టరు తీసుకుని బోర్డు తుడిచేసింది.

"రేపు అంకెలు మళ్ళా చదువుకుని రండి" అని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ మొదటి వారంలో మోటారు చెడిపోయి పైకి నీళ్ళు ఎక్కలేదు. పిల్లలే బకెట్లతో మోసుకున్నారు. పొద్దున తొమ్మిది గంటలప్పుడు ప్రార్థన ఖాళీ బకెట్టు పట్టుకుని దిగుతాంటే చున్నీ అంచు ఒక అట్టపెట్టెకు తగులుకుంది. పెట్టె జారింది, పెట్టెతోపాటు పిల్లా జారింది. ఎనిమిది మెట్లు దొర్లి కింద పడింది. నిషాత్ పరిగెత్తి చూసేసరికి ఎడమ మణికట్టు వంకర తిరిగిపోయి ఉంది. రెండు నోటుపుస్తకాలు అటూ ఇటూ పెట్టి, తన చున్నీతోనే కట్టు కట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. ఎముక విరిగిందన్నారు. ఆరు వారాలు పిండికట్టు.

ఇంకో పదిరోజుల్లో ఇంటర్వ్యూ. జపాన్‌లో ఒక వృద్ధాశ్రమం వాళ్ళు వీడియోలో మాట్లాడి ఎంచుకుంటారు. బసవరాజు ప్రార్థనను ఆఫీసులోకి పిలిపించినాడు. నిషాత్ ఆమె పక్కన నిలబడింది.

"చేతికి కట్టుతో వాళ్ళ ముందర కూర్చుంటే ఏం బాగుంటుందమ్మా? ఇంటికి పో. వచ్చే బ్యాచ్‌లో చూస్తాం" అన్నాడు.

ప్రార్థన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాలుగు నెలలు చదివినా గదా సార్. చేయి విరిగింది గానీ నోరు విరగలేదు."

"నేను తోసినానా నిన్ను?"

నిషాత్ అడిగింది. "సార్, ఆ పెట్టెలు మెట్ల మీద నుంచి తీయించండి. ఇంకొకరు పడతారు."

"దిగేటప్పుడు కళ్ళు యాడ పెట్టుకుందంట? నువ్వు నీ పాఠం చూసుకో" అన్నాడు బసవరాజు.

ప్రార్థన ఆ మధ్యాహ్నమే ట్రంకు అక్కడే వదిలి, వాళ్ళ అన్న వస్తే బండి మీద నందవరం వెళ్ళిపోయింది. జారిన పెట్టెను ఎవరో మళ్ళీ దాని మెట్టు మీదే పెట్టేసినారు.

తరువాత మూడురోజులకు బసవరాజు అందరికీ ఒక కాగితం పంచినాడు. ఏ ప్రశ్నకు ఏం చెప్పాలో జపాన్ మాటలు తెలుగక్షరాల్లో అచ్చేయించినాడు. ఏడో ప్రశ్న, మీరు ఉండే హాస్టలు ఎట్లుంది? జవాబు, "హిరోకుతె కిరేయ్ నా హెయా దెసు." విశాలంగా, శుభ్రంగా ఉన్న గది అని. ఇరవైఐదు మందీ గొంతు కలిపి వల్లె వేసినారు. తడి బట్టల కింద, మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుని, విశాలం విశాలం అని పాడినారు. నిషాత్ నోరు ఆడించింది గానీ గొంతులోంచి మాట రాలేదు.

పాఠం అయినాక గిరిజను మేడ మీద పట్టుకుంది.

"మేడం, ఇరుకు మాటలు నేర్పినారు. ఇప్పుడు విశాలం అని చెప్పమంటారు."

"ఆ కాగితం నేను రాయలేదు నిషాత్."

"దిద్దింది మీరే గదా?"

ఎండకు గిరిజ మొహం కందిపోయి ఉంది. "వ్యాకరణం దిద్దినా" అనింది మెల్లగా.

నిషాత్‌కు ఆమె మీద కోపం రాలేదు. ఆ మాట చెప్పడానికి ఆమె ఎంత సిగ్గుపడిందో కనబడుతూనే ఉంది. కానీ తన మీద తనకే కోపం వచ్చింది. కాగితం మడిచి పెట్టుకుంటాండగా కైగో పుస్తకం గుర్తుకొచ్చింది. కైగో అంటే ముసలివాళ్ళను చూసుకునే పని. ఆ పుస్తకంలో మొదటి పాఠమే అది: నడిచే దారిలో ఏ వస్తువూ ఉండరాదు, ఉంటే మనిషి పడతాడు. రేపు జపాన్‌లో ఎవరో తొంభైఏళ్ళ ముసలమ్మ దారికి ఏదైనా అడ్డముంటే తీయాల్సింది తనే. ఈడ ప్రార్థన చేయి విరిగితే నోరు మూసుకున్న మనిషి, ఆడ ఏం చేస్తుంది?

ఇంటర్వ్యూ రోజు కింది ఏసీ గదిని బసవరాజు గుర్తుపట్టలేనట్టు మార్చినాడు. ఒక మంచం తెప్పించి తెల్ల దుప్పటి పరిచినాడు. పక్కన ప్లాస్టిక్ పూలకుండీ, గోడకు మంచు కొండ క్యాలెండరు. కెమెరాలో అదే హాస్టలు. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టినారు. పక్కన గిరిజ, కెమెరాకు కనబడకుండా వెనక కుర్చీలో బసవరాజు.

తెర మీద ఒక ఆడమనిషి. పేరు హరదా అని చెప్పింది. యాభై దాటి ఉంటాయి, పొట్టి జుట్టు, కళ్ళద్దాలు. పిల్లలకు అర్థం కావాలని ఒక్కో మాట నిదానంగా పలుకుతాంది. నిషాత్ కంటే ముందు పోయిన ఎనిమిది మందీ కాగితంలో ఉన్నది ఉన్నట్టే అప్పజెప్పి వచ్చినారు.

నిషాత్ వంతు వచ్చింది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, నాయన ఏం పని చేస్తాడో చెప్పింది. హరదా పరుపుల సంగతి విని ఇష్టంగా తల ఊపింది. ఆ తరువాత అడిగింది, నువ్వుండే గది ఎట్లుంది?

నిషాత్ ముందుకు జరిగి కూర్చుంది. గుండె దడదడలాడింది. తెర మీద ఆమెనే సూటిగా చూసి చెప్పింది.

"హెయా వా గొచాగొచా దెసు."

హరదా మొహంలో నవ్వు ఆగిపోయింది. వెనక నుంచి బసవరాజు గిరిజ దిక్కు వంగి గుసగుసగా అడిగినాడు. "గొచాగొచా అంటే ఏంది మేడం? కొత్తగా ఉందే. బాగుందనా?"

గిరిజ తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

నిషాత్ ఆగలేదు. వచ్చిన మాటలు కొన్నే. ఆ కొన్నింటితోనే చెప్పింది. గదులు రెండు. మనుషులు ఇరవైఆరు. గ్యూగ్యూ దెసు. మెట్ల మీద పెట్టెలు గిష్షిరి. స్నేహితురాలు ఆ మెట్ల మీద నుంచి పడింది. చేయి విరిగింది. ఆమె బాగా చదువుతుంది, కానీ ఈరోజు ఈడ లేదు.

"హొంతో దెసు కా?" అనింది హరదా. నిజమేనా అని.

"హై. హొంతో దెసు."

"ఎందుకు ఇప్పుడు చెప్తాండావు?"

దీనికి తగిన వాక్యం నిషాత్‌కు రాదు. చేతులతో ఒక దారి గీసి చూపించింది. దారిలో పెట్టె ఉంటే అవ్వ పడుతుంది. నేను తీయాల. నేను చెప్పాల. అది నా పని. నాలుగు చిన్న చిన్న వాక్యాలు, వ్యాకరణం అటూ ఇటూ అయినా అర్థం చెడలేదు.

బసవరాజుకు ఏదో తేడా కొట్టింది. "ఏం చెప్తాంది ఈమె?" అన్నాడు, ఈసారి గొంతు దాచకుండా.

గిరిజ కుర్చీలో నుంచి లేచి నిలబడింది. నాలుగు నెలలుగా వంగి ఉన్న మెడ నిటారుగా లేచింది.

"నిజం చెప్తాంది సార్" అనింది తెలుగులో. తరువాత తెర దిక్కు తిరిగి, నిషాత్‌కు చేతగాని మాటలన్నీ కలిపి, ఏ గదిలో ఎంతమందో, సర్టిఫికెట్లు ఎవరి బీరువాలో ఉన్నాయో, ఈ తెల్ల దుప్పటి మంచం ఎప్పుడు వచ్చిందో, అన్నీ జపాన్ భాషలో గడగడా చెప్పేసింది. బసవరాజు చేయి చాచి లాప్‌టాప్ టప్పున మూసేదాకా చెప్తూనే ఉంది.

"నా పొట్ట కొడతారా ఇద్దరూ?" అన్నాడు బసవరాజు. "ఏమమ్మా నిషాత్, నీ ఇల్లు నేను చూడలేదనుకున్నావా? ఆదోనిలో దూది మూటల మధ్య ఐదుమంది పండుకుంటారు. మీ ఇంటికంటే ఇరుకా నా హాస్టలు?"

"మాది చిన్న ఇల్లే సార్. చిన్నదని మేమే చెప్తాం. పెద్దదని చెప్పమని మా నాయన ఎప్పుడూ మాకు కాగితం రాసియ్యలేదు. పొద్దున లేస్తూనే దారిలో మూటలన్నీ పక్కకు జరుపుతాడు, మా ముసలి జేజి తగులుకుని పడుతుందని."

"ట్రంకు ఎత్తుకుని బయటికి నడువు. ఇప్పుడే."

"సర్టిఫికెట్లు ఇయ్యండి, పోతా."

"అవి ఇయ్యను. ఏం చేసుకుంటావో చేసుకో."

నిషాత్ పైకి పోయింది. తీరా చూస్తే తన ట్రంకు అడుగున ఉంది. దాని మీద ఎనిమిది ట్రంకులు. అది రావాలంటే అవన్నీ దిగాల. దింపి పెట్టడానికి గదిలో చోటు లేదు.

సంగతి విని భీమమ్మ చున్నీ నడుముకు బిగించింది. "ఈడ పెట్టను సోటు యాడుంది? కిందికే తీసకపోదాం పా" అని పై ట్రంకును భుజానికెత్తుకుంది.

ఒక ట్రంకు దిగింది. రెండోది దిగింది. మెట్ల మీద పెట్టెలు అడ్డమొచ్చినాయి. భీమమ్మ వాటిని కాలితో నెట్టకుండా, ఒక్కొక్కటే పద్ధతిగా చేతికందించి కిందికి పంపించింది. వరసగా నిలబడిన పిల్లలు చేతులు మారుస్తా పోయినారు. ట్రంకులు, సూటుకేసులు, అట్టపెట్టెలు, ప్రింటరు, క్యాన్లు, చాపలు, బకెట్లు, గిన్నెలు, తాళ్ళ మీది తడి బట్టలు. పైనున్నదంతా గంటన్నరలో కిందికొచ్చి రోడ్డు మీద పరుచుకుంది. నడిరోడ్డుకు పాకింది. ఆటోలు ఆగినాయి. కూరగాయల బండి ఆమె ఆగింది, నేతపని వాళ్ళు చేతిలో పని ఆపి వచ్చినారు.

"ఏందమ్మా ఇది, అంగడి పెట్టినారా?" అని ఒక ఆటో ఆయన అడిగినాడు.

"ఇదంతా ఆ పైన ఉండేదన్నా" అని నిషాత్ రెండు గదుల కిటికీ చూపించింది. ఆయన కిటికీ చూసి, సామాను చూసి, మళ్ళీ కిటికీ చూసినాడు. "అంతా ఆడనా?" అన్నాడు.

నిషాత్ తన ట్రంకు మీద కూర్చుంది. సర్టిఫికెట్లు చేతికొచ్చేదాకా లేచేది లేదనింది. పక్కనే భీమమ్మ కూర్చుంది. తరువాత ఇంకొకరు, ఇంకొకరు. అందరూ కూర్చోలేదు. నలుగురైదుగురు గోడ వార నిలబడి ఏడుస్తాండారు. వాళ్ళలో శ్రీరక్ష అనే పిల్ల నిషాత్ ముందుకొచ్చి నిలబడింది.

"నా ఇంటర్వ్యూ ఇంకా కాలేదు. నాలుగు నెలలు ఆ గదిలో పడి ఉన్నది ఎందుకు? ఇంకొక్కరోజు ఓర్చుకుంటే అయిపాయె గదా. నీ ఒక్కదాని కోపానికి అందరి బతుకూ రోడ్డు మీదికి తెచ్చినావు."

ఆ పిల్ల మాటలో అబద్ధం లేదు. ఇంటర్వ్యూ పోయిన మాట నిజం. నిషాత్ ఆ తిట్లు విని, పక్కకు జరిగి ట్రంకు మీద చోటిచ్చింది. శ్రీరక్ష కూర్చోలేదు. ఎండలోనే నిలబడింది.

పన్నెండు గంటలకు మేడ సొంతదారు తిమ్మన్న వచ్చినాడు. ముసలాయన, ఒకప్పుడు మగ్గాలు నడిపిన మనిషి. ఎవరో ఫోన్ చేసి చెప్తే పంచె ఎగగట్టుకుని వచ్చి, రోడ్డు మీద పిల్లల్ని వేలు పెట్టి లెక్కపెట్టినాడు.

"బసవరాజూ, పన్నెండు మంది అన్నావు గదప్పా నాతో."

"అదేనన్నా, కొందరు మధ్యలో..."

"ఈ మెట్లు మేం ఈడ కాపురమున్నప్పుడు నా కోడలు నీళ్ళ బిందెతో ఎక్కిన మెట్లు. వాటి మీద అట్టపెట్టెలు పెట్టినావా? నిప్పంటుకుంటే ఈ పిల్లలు యాడ దిగాల?" ముసలాయన గొంతు పెద్దగా లేవలేదు గానీ, చుట్టూ జనం దగ్గరికి జరిగినారు. "వాళ్ళ కాగితాలు వాళ్ళకియ్యి. ఇచ్చేదాకా నేనూ ఈడే కూర్చుంటా."

నిజంగానే ఒక అట్టపెట్టె జరుపుకుని దాని మీద కూర్చున్నాడు.

బసవరాజు ఇంకో మూడు గంటలు ఫోన్లు చేసినాడు. ఎవరూ రాలేదు. మూడు గంటలప్పుడు బీరువా తెరిచినాడు. ఒక్కొక్కరి పేరు పిలిచి, మొహం చూడకుండా కవర్లు ఇచ్చినాడు. నిషాత్ తన కవరుతోపాటు ప్రార్థన కవరు గూడా అడిగి తీసుకుంది. ప్రార్థన వదిలిపోయిన ట్రంకు గూడా ఆటోకెక్కించి, నందవరంలో ఆ పిల్ల చేతికే ఇచ్చి ఆదోని బస్సెక్కింది.

ఇంట్లో ఇమాంబీ, అంటే నిషాత్ అమ్మ, నాలుగురోజులు మాట్లాడలేదు. ఐదోరోజు రొట్టె తడుతూ తిట్టడం మొదలుపెట్టింది. "నీకే ఎందుకు పుడుతుంది పౌరుషం? ఎనిమిది మంది పిల్లలు చెప్పిన మాట నువ్వు చెప్తే నోరు అరిగిపోతుందా?"

గఫూర్ సాబ్ దూది మిషను ఆపి, రెక్కల మీది నూగు దులుపుకుంటూ వచ్చినాడు. "ఇమాంబీ, నా పరుపులో పాత దూది కలిపి కొత్తదని చెప్పమంటే నేను చెప్తానా?"

"నువ్వు చెప్పవు. అందుకే ఈ ఇంట్లో ఉన్నాం మనం."

"ఉన్నాం గదా" అన్నాడు ఆయన. మళ్ళీ మిషను దగ్గరికి పోయినాడు.

పన్నెండురోజులకు గిరిజ ఫోన్ చేసింది. హరదా నుంచి మెయిలు వచ్చిందంట. బసవరాజు కేంద్రంతో వాళ్ళు ఇక పని చేయరు. ఇరవైఆరు మందినీ ఆగస్టులో మళ్ళీ మొదటినుంచి చూస్తారు, వేరే సంస్థ ద్వారా. ఎవరికీ హామీ లేదు. ప్రార్థన పేరు జాబితాలో ఉంది.

"అంతవరకు పాఠాలు ఎవరు చెప్తారు మేడం?"

"నేను చెప్తా. తిమ్మన్న మగ్గాల షెడ్డు ఖాళీగా ఉందంట, అడిగితే ఊడ్చుకుని వాడుకోమన్నాడు" అనింది గిరిజ. "నిషాత్, వ్యాకరణం దిద్దినా అని చెప్పినా చూడు నీకు. ఆ మాట నన్ను ఇంకా తింటాంది."

"దిద్దినదంతా ఆరోజు ఒక్కసారిగా కొట్టేసినారు గదా మేడం."

షెడ్డుకు పద్దెనిమిది మంది వచ్చినారు. మిగిలినవాళ్ళు రాలేదు. కొందరిని ఇళ్ళల్లో పంపలేదు, కొందరు వేరే పనుల్లో చేరిపోయినారు. శ్రీరక్ష వచ్చింది. నిషాత్ పక్కన కూర్చోదు, మాట్లాడదు, కానీ ఒక్కరోజూ మానలేదు. నిషాత్ రోజూ ఆదోని నుంచి మొదటి బస్సుకు వచ్చి షెడ్డు ఊడ్చేది. ప్రార్థన కుడిచేత్తో జపాన్ అక్షరాలు రాస్తూ, ఎడమచేయి వేళ్ళు మూస్తూ తెరుస్తూ ఉండేది.

ఆగస్టులో ఇంటర్వ్యూ జరిగింది. తెర మీద ఈసారి హరదాతోపాటు ఒక పెద్దాయన గూడా ఉన్నాడు. మొహంలో ఏ భావమూ కనబడని మనిషి. షెడ్డులో బల్లలు, గోడలు, కడగని పాత నూనె మరకలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే కెమెరాలో కనబడినాయి. ఎవరికీ కాగితాలు పంచలేదు.

తొమ్మిదిమందిని ఎంచుకున్నారు. ప్రార్థన మొదటి పేరు. భీమమ్మ ఉంది. శ్రీరక్ష ఉంది. నిషాత్ లేదు.

కారణం గూడా రాసినారు. వాక్య నిర్మాణం సరిపోలేదు, ఇంకో స్థాయి పరీక్ష పాసై రావలసింది అని. అది చదివి గిరిజ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిషాత్ మాత్రం ఆ కాగితం రెండుసార్లు చదివింది. మడిచి సంచిలో పెట్టుకుంది.

"నిజమే మేడం. నా వాక్యాలు అడ్డదిడ్డంగానే ఉంటాయి" అనింది. "డిసెంబర్‌లో పరీక్ష బెంగళూరులో గదా? దరఖాస్తు ఈరోజే నింపుదాం."

ఆ సాయంత్రం ఆదోని బస్టాండులో దిగేసరికి పక్కవీధి సుంకన్న ఎదురైనాడు. సంగతంతా అప్పటికే వీధిలో తెలిసిపోయింది.

"ఏం పాపా, ఆరోజు నోరు మూసుకుని ఉంటే ఈపాటికి జపాన్‌లో ఉందువు" అన్నాడు.

నిషాత్ పుస్తకాల సంచి భుజం మార్చుకుంది.

"పోతా సుంకన్నా. కొంచెం ఆలస్యమైనా పోతా. నోరు మాత్రం ఈడ పెట్టి పోను, ఎంటబెట్టుకునే పోతా."